గుండె చెవిలో పువ్వు

మా వదిన చేతికి ఏ వస్తువు ఇచ్చినా ముందు దాన్ని లాగి చూస్తుంది. తలుపు గడియ, బకెట్ పిడి, చొక్కా గుండీ, మా పాపని ఒంటికి కట్టుకునే సంచీ పట్టీ, ఏదైనా సరే. ఒకసారి ఎదురింట్లోకి కొత్తగా వచ్చినావిడ పలకరింపుగా చెయ్యి చాపితే దాన్నీ ఓ పిసరు లాగింది. మా మామగారు పక్కనే ఉన్నారు.

"ఏమే, ఆవిడ చెయ్యి ఊడొస్తుందేమోనని అనుమానమా?"

"అలవాటు నాన్నా."

"కాస్త చూసుకో. రేపు నా మీసం పట్టుకు లాగేవు."

వదిన అంటే మా ఆయనకి అక్క. మేం కింద వాటాలో, ఆవిడ పై వాటాలో. మధ్యలో మెట్ల మీద మా మామగారు. రెండు వాటాల్లోనూ ఆయనకి మంచం ఉంది కానీ మెట్లే ఆయన అసలు చిరునామా. అక్కడ కూర్చుంటే వీధి కనిపిస్తుంది, రెండు వంటిళ్ళ మాటలూ వినిపిస్తాయి. ఉద్యోగమంతా బస్టాండులో మైకు ముందు కూర్చున్న మనిషి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడమే పని. ఉద్యోగం మానేశారు కానీ గొంతు మానలేదు. పాప పాలసీసా దొర్లిపోతే, "ప్రయాణికులకు విజ్ఞప్తి! పాలసీసా రెండో నంబరు సోఫా కిందికి చేరుకున్నది," అని ఇల్లంతా మోగేలా చెబుతారు. పాప ముద్ద మింగాలంటే ఆ గొంతు వినపడాల్సిందే. అది వినగానే నవ్వుతుంది, నవ్వగానే నోరు తెరుచుకుంటుంది, ఆ సందులో నేను చెంచా పెట్టేస్తాను.

వదిన ఉద్యోగం గురించి చెప్పాలంటే ముందు గుండె చెవి గురించి చెప్పాలి. గుండెలో పై గదుల్ని కర్ణికలు అని బడిలో చదువుకున్నాం. కర్ణమంటే చెవే కదా. ఎడమ పక్క పై గదికి బొటనవేలంత తిత్తి ఒకటి అంటుకుని ఉంటుంది, చూడటానికి అచ్చం చిన్న చెవి. గుండె సరిగ్గా కొట్టుకున్నంతకాలం దాని ఊసు ఎవరికీ పట్టదు. లయ తప్పితేనే చిక్కు. పై గది గట్టిగా ముడుచుకోవడం మానేసి ఊరికే వణుకుతూ ఉంటుంది. ఆ చెవిలోకి వెళ్ళిన రక్తం బయటికి రాలేక, వాడకుండా వదిలేసిన తొట్టెలో నీళ్ళలాగా నిలవుండి గడ్డకడుతుంది. ఆ గడ్డ ఎప్పుడో జారి, మెదడు దాకా పోయి, ఏ సన్నటి నాళంలోనో అడ్డం పడుతుంది. దాని ఫలితమే పక్షవాతం. కాలో, చెయ్యో, మాటో పోతుంది.

ఆ చెవికి మూత తయారుచేయడం వదిన పని. మూత అంటే ఆవిడకి కోపం, పువ్వు అనాలి. అనడంలో తప్పు కూడా లేదు. నికెల్, టైటానియం కలిపిన వెంట్రుకంత తీగల్ని రేకుల్లాగా వంచి, పైన పల్చటి గుడ్డ తొడుగుతారు. దాన్ని ముడిచి సన్నటి గొట్టంలో పెట్టి, తొడ దగ్గర రక్తనాళంలోంచి గుండె దాకా తీసుకెళ్ళి చెవి గుమ్మంలో బయటికి తోస్తారు. తోయగానే విచ్చుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంటుంది. రేకుల అంచున ఉన్న చిన్న కొక్కేలు గోడని పట్టుకుంటాయి. కొన్నాళ్ళకి గుండె తన పొరనే దాని మీద పెంచుకుని సొంత గోడ చేసుకుంటుంది. పూర్తిగా వదిలేముందు మాత్రం డాక్టరు దాన్ని నెమ్మదిగా లాగి చూస్తారు. కదలకపోతే సరే. కదిలితే మళ్ళీ గొట్టంలోకి లాక్కుని మొదటికి రావాలి. వదిలేశాక జారితే ఏమవుతుందన్న ఆలోచనే మా వదిన వేళ్ళలోకి దిగి ఆ లాగే అలవాటైంది.

ఒకసారి పాపని ఎత్తుకుని ఆవిడ ఆఫీసుకి వెళ్ళాను. పెద్ద హంగేమీ లేదు. పొడవాటి బల్ల, దాని మీద గాజు తొట్టె, తొట్టెలో ఒంటి వేడికి కాచిన నీళ్ళు, గుండె కొట్టుకున్నట్టు ఆ నీళ్ళని టప్పు టప్పుమని తోసే పంపు. అరల నిండా సిలికాన్‌తో పోతపోసిన చెవులు. అసలు మనుషుల స్కానింగుల నుంచి తీసినవి కాబట్టి ఒకదానితో ఒకటి పోలిక లేదు. నంబర్లు వేస్తే గుర్తుండడం లేదని వదిన వాటికి చుట్టాల వరసలు పెట్టేసింది.

"ఇదిగో, ఇది పెద్దత్త," అని ఒకటి నా చేతిలో పెట్టింది. "నోరు ఇంత, లోతు లేదు. ఏం పెట్టినా బయటపెట్టేస్తుంది."

"ఇది?"

"చిన్నత్త. నోరు చిన్నదే. లోపల మడతలు చూడు. ఏది ఎక్కడ దాచిందో దేవుడికే తెలియాలి."

"మరి బాబాయో?"

"లేకేం! తిన్నగా పోతున్నాడే అనుకుంటాం. సగం దూరం వెళ్ళాక ఠక్కున పక్కకి తిరిగిపోతాడు. పనుందని పిలిచినప్పుడు చూళ్ళేదా?"

తొట్టె దగ్గర పరీక్షలు చేసే ఆవిడని అక్కడందరూ నీళ్ళావిడ అంటారు. ఆవిడకీ ఈ వరసలే అలవాటైపోయాయి. "మేడం, ఇవాళ పెద్దత్త కాస్త కారుతోంది. చిన్నత్త ఫస్ట్‌క్లాస్," అని చెప్పి, మూతి బిగించుకుని మళ్ళీ నీళ్ళలోకి వంగింది. పక్క గదిలో కొత్తగా చేరినాయన వదినకి చాలాకాలం పాటు రోజూ సానుభూతి చెప్పేవాడట, పాపం ఇంటినిండా రోగిష్టివాళ్ళేనని.

మామగారి సంగతి ఒక ఉదయం బయటపడింది. మెట్ల మీద కూర్చుని పేపరు కోసం చెయ్యి చాపి, "ఆ గొడుగు ఇటివ్వమ్మా," అన్నారు. నవ్వాను. మాటలు మార్చి పాపని నవ్వించడం ఆయనకి రోజూ ఉన్నదే. "గొడుగెందుకు మామయ్యగారూ, ఎండా లేదు, వానా లేదు," అన్నాను. ఆయన మళ్ళీ ఏదో అన్నారు, ముద్దముద్దగా. అదీ వేషమే అనుకున్నాను. పైనుంచి దిగుతున్న వదిన మధ్యమెట్టు మీద ఆగిపోయింది.

"నాన్నా, ఓసారి నవ్వు."

నవ్వారు. సగం మొహమే నవ్వింది.

"రెండు చేతులూ పైకెత్తు."

ఒక చెయ్యి పైకెళ్ళింది. రెండోది దారిలోనే దిగిపోయింది.

ఆస్పత్రి గుమ్మం చేరేసరికి ఆయన మాట తిరిగొచ్చేసింది. "అంతరాయానికి చింతిస్తున్నాం," అని నర్సుతో అన్నారు. అందరం నవ్వాం, డాక్టరమ్మ తప్ప. గుండె లయ తప్పిందని, చిన్న గడ్డ ఒకటి వచ్చి తనంతట తనే కరిగిపోయింది కాబట్టి సరిపోయిందని ఆవిడ చెప్పింది. రక్తం త్వరగా గడ్డకట్టకుండా మాత్రలు రాసింది. కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఆ తర్వాత కడుపులో ఎప్పటిదో పుండు ఆ మాత్రలకి తిరగబెట్టి రక్తం పోయి, ఆయన స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడ్డారు. మాత్రలు వేస్తే కడుపు ఊరుకోదు. మానేస్తే మెదడుకి భయం.

"చెవి మూసేద్దాం. ఈ నెల దాటనివ్వద్దు," అంది డాక్టరమ్మ. "ఈసారి మాట పోతే, తిరిగొస్తుందని నేను చెప్పలేను."

మామగారికి మాట పోవడమంటే ఏమిటో మాకెవరికీ వేరే చెప్పక్కర్లేదు. ఆయనకి మాత్రం చీకూ చింతా లేదు.

"ఓస్, దీనికింత ఆలోచనెందుకు? పువ్వు మనింట్లోనే ఉందిగా!"

ఆ సాయంత్రం వదిన నమూనా పువ్వొకటి తెచ్చి మా వంటింటి గట్టు మీద పెట్టింది. మంచునీళ్ళ గ్లాసులో వేసి వేళ్ళతో నలిపితే చెత్తకాగితంలా నలిగిపోయింది. తీసి గోరువెచ్చటి నీళ్ళలో వేసింది. ఒళ్ళు విరుచుకుని లేచినట్టు ఒక్కసారి విచ్చుకుంది. నా చంకలో ఉన్న పాప చప్పట్లు కొట్టింది.

"చూశావా నాన్నా? ఒంటి వేడి తగిలితే చాలు, తన ఆకారం తనకి గుర్తొచ్చేస్తుంది."

"నాకంటే నయం. నాకు కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తురాదు. అయితే నా చెవిలో పువ్వు పెడతానంటావ్!"

"పెడతారు. కానీ ఇది కాదు. ఆస్పత్రిలో ఉన్నది వేరే కంపెనీది, ఎప్పటినుంచో వాడుతున్నారు. మాదానికింకా అనుమతి రాలేదు."

"అనుమతంటే సంతకాలేగా. బండి సిద్ధమై డిపోలో నిలబడి ఉంటుంది, టైం కాలేదని గేటు తియ్యరు. నేను చూడని బండ్లా! ఆగుదాం."

"ఎంతకాలమని నాన్నా?"

"గేటు తీసేదాకా. ఇంట్లో కూతురు వంట చేస్తుంటే నేను హోటల్లో భోంచెయ్యనా? నలుగురూ నవ్వరూ?"

వదిన పువ్వుని తువ్వాలుతో తుడిచి డబ్బాలో పెట్టి, డబ్బా మూత లాగి చూసి, పైకి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి ఆయన ఆగడం మొదలుపెట్టారు. డాక్టరమ్మ దగ్గర్నుంచి ఫోనొస్తే, "వస్తామండీ, బండి బయల్దేరడమే తరువాయి," అనేవారు. స్కానింగు సీడీ అడిగిందే తడవుగా వదినకి ఇచ్చేశారు. దాంతో ఆఫీసులో ఆయన చెవి కూడా పోతపోశారు. దానికి వేరే పేరెందుకు, నాన్నే. అది తెలిశాక ఆయన కాలు నేలమీద నిలవలేదు. "నా గుండె చెవి మా అమ్మాయి ఆఫీసులో ఉంది. లోపలున్నది రెండో కాపీ," అని వీధి చివర మంగలి షాపుదాకా చెప్పుకొచ్చారు. మెట్ల మీంచి కాసేపు చప్పుడు రాకపోతే నేను వంటింట్లోంచి, "మామయ్యగారూ, ఇప్పుడు ఏ బస్సొచ్చింది?" అని కేకేసేదాన్ని. ఆయన గొంతెత్తి తడబడకుండా ఊళ్ళ పేర్లన్నీ చదివేవారు. అప్పుడు మళ్ళీ స్టవ్ వైపు తిరిగేదాన్ని. కోడలికి తన ప్రకటనలంటే ప్రాణమని ఆయన పొంగిపోయేవారు. వదిన మాత్రం పొద్దున పెందలాడే వెళ్ళి, సాయంత్రం వచ్చేటప్పటికి మాట్లాడే ఓపిక లేకుండా ఉండేది. ఎలా ఉంది మీ పువ్వు అని అడిగితే, "పూస్తోంది," అనేది.

ఒక సెలవురోజు వదిన తన ఫోను మా వంటింట్లో చార్జింగుకి పెట్టి తలస్నానానికి పైకెళ్ళింది. మామగారు గడ్డం గీయించుకోవడానికి వెళ్ళారు. ఫోను మోగింది. తెర మీద 'నీళ్ళు' అని ఉంది. తాగేనీళ్ళ డబ్బాలవాళ్ళేమో, రెండు డబ్బాలు చెబుదామని ఎత్తాను.

"మేడం, నాన్నగారు జారిపోయారు," అంది అవతలి గొంతు.

"ఏంటీ?"

"మళ్ళీ జారిపోయారండీ. ముందు పట్టుకున్నట్టే అనిపించింది. ఒక్కసారి లాగేసరికి వచ్చేశారు. నీళ్ళలో పడున్నారు."

ఏ నీళ్ళు, ఎవరు లాగారు, నీళ్ళ డబ్బాలవాళ్ళకి మా మామగారెలా తెలుసు, ఇవేవీ నాకు తట్టలేదు. "వదినా, మామయ్యగారు!" అని ఒక్క కేక పెట్టి, పాపని చంకనేసుకుని, ఒక కాలికి నా చెప్పు, రెండో కాలికి మా ఆయన చెప్పు తొడుక్కుని వీధిలోకి పరిగెత్తాను. సైకిళ్ళు బాగుచేసే కొట్టు ముందు బకెట్లో నీళ్ళున్నాయి, అందులోకీ తొంగిచూశాను. ఇస్త్రీ బండి ఆవిడ "ఏమైందమ్మా?" అంటే "పడిపోయారట," అన్నాను. ఎవరని అడిగేలోపు దాటిపోయాను.

మంగలి షాపు అద్దం ముందు, మెడ దాకా తెల్లటి గుడ్డ కప్పుకుని, మామగారు దర్జాగా కూర్చుని ఉన్నారు. ఒక చెంప నున్నగా ఉంది. రెండోదాని నిండా నురగ.

"మామయ్యగారూ, నవ్వండి!" అన్నాను రొప్పుతూ.

నవ్వారు. ఒక పక్క నవ్వు కనిపించింది. రెండో పక్క నురగ కింద ఏముందో తెలియలేదు.

"తుడవండి, తుడవండి ఆయన్ని!"

మంగలి కత్తి పక్కన పెట్టి, "ఇంకా గియ్యలేదమ్మా, అప్పుడే తుడిస్తే ఎలా?" అన్నాడు.

"చేతులెత్తండి మామయ్యగారూ!"

గుడ్డ కింద రెండు చేతులూ ఒకేసారి లేచాయి. గుడ్డ గుడారంలా పైకిలేచి, నురగ గిన్నె బోర్లాపడి, పాప కిలకిలా నవ్వింది. రెండూ సమానంగా లేచాయి. నాకు ఊపిరొచ్చింది.

అప్పుడే గుమ్మంలోకి వదిన వచ్చింది. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి, చేతిలో ఫోను.

"ఈ నాన్న కాదు! రబ్బరు నాన్న! నీళ్ళావిడ చేసింది ఫోను!"

మంగలి మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. మామగారు అద్దంలోంచే కూతురితో, "రబ్బరు నాన్నేంటే?" అన్నారు.

"నీ చెవే నాన్నా. ఆఫీసులోది. దాంట్లో మా పువ్వు జారిపోయింది, అదీ సంగతి. పద, ఇంటికెళ్దాం."

"మళ్ళీ అంది ఆవిడ," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. "మళ్ళీ జారిపోయారు అంది."

"మళ్ళీ అంటే?" అన్నారు మామగారు.

వదిన ఎదురుచూసేవాళ్ళ బల్ల మీద కూలబడింది. తడి జుట్టు ముడేసుకుంది, ముడి లాగి చూసుకుంది.

"ప్రతిసారీ జారుతోంది నాన్నా. నీ చెవి నోరు గుండ్రంగా లేదు, కోలగా ఉంది. ఒక పక్క కొక్కేలు గోడకి అందడం లేదు. పెద్దత్తలో నిలబడింది, చిన్నత్తలో నిలబడింది, ఆ వంకర బాబాయిలో కూడా నిలబడింది. నీ దగ్గరే నిలబడటం లేదు."

"మరి అనుమతి అన్నావ్?"

"అదీ అబద్ధం కాదు, అనుమతీ లేదు. కానీ గేటు దగ్గర ఆగిన బండి కాదది. దానికింకా బ్రేకులే పడలేదు. నువ్వేమో నా పువ్వే కావాలని ఊరంతా చెప్పుకు తిరుగుతుంటే కాదనబుద్ధి కాలేదు. ఇవాళ నిలబడుతుందేమో, రేపు నిలబడుతుందేమో అనుకుంటూ..."

మామగారు అద్దంలో ఆవిడనే చూస్తున్నారు.

"అంటే ఇన్నాళ్ళూ నా చెవిలో పువ్వు పెట్టావన్నమాట," అన్నారు.

నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. చివరికి ఆయన మీసాలే ముందు కదిలాయి. ఆయన నవ్వితే నురగ ముద్దలుగా గుడ్డ మీద రాలింది. వదిన కూడా నవ్వింది. నవ్వుతూనే మంగలి భుజం మీద తువ్వాలు లాక్కుని కళ్ళు తుడుచుకుంది.

"నా మైకులో బ్రేకుల్లేని బండి ఎక్కమని ఎవరికీ చెప్పలేదే నేను," అన్నారాయన. "ఆ పరాయి కంపెనీ బండి సంగతేంటి? అదైనా నిలబడుతుందా?"

"నిలబడుతుంది. నిన్న సాయంత్రమే వాళ్ళది తెప్పించి నీ చెవిలో పెట్టి లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాను. అయినా రాలేదు." పళ్ళు కొరికింది. "దొంగవెధవలు, బాగా చేశారు."

"మరి అంత బాధగా చెబుతావేం? అదే ఎక్కుదాం. ఫోన్ చెయ్యి డాక్టరమ్మకి." మంగలి వైపు తిరిగారు. "నువ్వు ఈ రెండో చెంప కానివ్వవయ్యా. సగం గడ్డంతో ఆస్పత్రికి వెళ్ళమంటావా?"

పువ్వు పెట్టే రోజున ఆస్పత్రి వరండాలో ఇనుప కుర్చీలు ఒకదానికొకటి బిగించి ఉన్నాయి. వదిన వాటన్నిటినీ లాగి చూసింది. చూడటం అయిపోయాక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. పాప నా ఒళ్ళో నిద్రపోయింది. మా ఆయన కాఫీ తెచ్చాడు కానీ ఎవరూ తాగలేదు. ఎట్టకేలకి తలుపు తెరుచుకుని డాక్టరమ్మ వచ్చింది.

"అయిపోయింది. చక్కగా కూర్చుంది."

"లాగి చూశారా?" అంది వదిన.

"చూశానమ్మా."

"ఎంత గట్టిగా?"

"నేను పళ్ళ డాక్టర్ని కాదమ్మా," అని డాక్టరమ్మ నవ్వేసింది. ఆవిడ నవ్వడం అదే మొదటిసారి చూడటం. తర్వాత వదినని లోపలికి పిలిచి తెర మీద చూపించింది. చీకటి గదిలాంటి ఆ బొమ్మలో గుమ్మానికి అడ్డంగా ఆ పువ్వు కూర్చుని ఉంది. పక్కనుంచి చుక్క కూడా కారడం లేదట. వదిన దాన్ని ఎంతసేపు చూసిందంటే, వెనక ఇంకో రోగి తాలూకు వాళ్ళు వచ్చి నిలబడ్డారు. "కోల నోట్లో భలే సర్దుకుంది," అంది మెచ్చుకోలుగా. మరుక్షణం, "రేకు మందం తగ్గించారు, అదీ కిటుకు," అని గొణుక్కుంది.

మామగారిని వార్డులోకి తెచ్చాక చాలాసేపు కళ్ళు మూసుకునే ఉన్నారు. మేం మంచం చుట్టూ నిలబడి ఆయన నోటి వైపే చూస్తున్నాం. పెదాలు కదిలాయి. నేను ముందుకి వంగాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అన్నారు. గొంతు సన్నగా ఉంది కానీ ఒక్క అక్షరం తొణకలేదు. "పరాయి కంపెనీ పువ్వు... ఎడమ చెవిలోకి చేరుకున్నది."

పక్క మంచం పెద్దాయన ఉలిక్కిపడి అటూ ఇటూ చూశాడు. వదిన దుప్పటి అంచు పట్టుకుని మెల్లిగా లాగింది.

"చూడమ్మా కోడలా," అన్నారు కళ్ళు తెరవకుండానే, "మీ వదిన నా దుప్పటి కూడా లాక్కుంటోంది."

ఇప్పుడు పాప మెట్లెక్కుతోంది. ఒక్కో మెట్టూ ఎక్కాక తాతగారు ప్లాట్‌ఫారం నంబరు చెబితేనే తరువాతి మెట్టు మీద కాలు పెడుతుంది. కింద చేతులు చాపి నేను నిలబడాల్సిందే, అది వేరే సంగతి. వదిన పువ్వు గీతలన్నీ మొదటినుంచి మళ్ళీ గీసింది. రేకులన్నిటినీ ఒకే చట్రానికి కట్టేయకుండా, ఏ రేకు దారిన అది వంగేలా మార్చింది. నెలలు పట్టింది. ఆవిడ ఫోను నేను ఎత్తకూడదని ఇంట్లో నియమం పెట్టారు. మొన్న గట్టు మీద అది అదేపనిగా మోగుతుంటే ఉండబట్టలేకపోయాను. తెర మీద 'నీళ్ళు' అని ఉంది.

"మేడం! నాన్నగారు నిలబడ్డారు! ఎంత లాగినా రావట్లేదు! వేలాడి చూశాను మేడం, కదలట్లేదు!"

"వదినా!" అని గొంతు చించుకున్నాను. "రబ్బరు నాన్న నిలబడ్డారట!"

పైన ఏదో కిందపడిన చప్పుడైంది. వెంటనే దడదడమని వదిన మెట్లు దిగుతున్న చప్పుడు. మధ్యలో మామగారు పాపని ఒళ్ళోకి లాక్కుని ఆవిడకి దారిచ్చి, నా వైపు తిరిగి మైకు గొంతుతో అన్నారు:

"ఆ నీళ్ళావిడకి చెప్పమ్మా. ఈ చెవిలో గది ఖాళీ లేదు. అద్దెకిచ్చేశాం."